గోడ కోసే మెషీన్‌తో పాటు దుమ్ము లాగే మెషీన్ కూడా

అయ్యా,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇళ్లు రీమోడలింగ్ చేసేవాళ్ల కోసం వచ్చిన కొత్త పవర్ టూల్స్ గురించి రాశారు. నేను 1998 నుంచి హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. మీరు రాసినట్టు బ్యాటరీ మెషీన్లతో మాకు చాలా సుఖమైంది. ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి కూడా స్లాబుకు హోల్స్ కొట్టుకోగలుగుతున్నాం. కానీ దుమ్ము గురించి అందులో ఒక్క ముక్క లేదు.

నేను మా మేనమామ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో వైర్ల పైపు కోసం గోడకు గాడి కొట్టాలంటే సుత్తి, ఉలి. ఒక గదికి రోజంతా పట్టేది. పెచ్చులు కాళ్ల దగ్గర పడేవి. తర్వాత మార్బుల్ కట్టర్ వచ్చింది. 4 అంగుళాల డైమండ్ బ్లేడు నిమిషానికి 12,000 చుట్లకు పైనే తిరుగుతుంది. గది గంటలో అయిపోతుంది, కానీ ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. పైగా దుమ్ము కారిడార్‌లోకి రావద్దని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు తలుపులు, కిటికీలు మూయమంటారు. లోపల మేము ముక్కుకు దస్తీ కట్టుకుని కోస్తాం.

గోడకు వాడింది నది ఇసుకైనా, రాళ్లు పొడి చేసిన రోబో ఇసుకైనా అందులో సిలికా అనే ఖనిజం ఉంటుంది. కంటికి కనపడనంత సన్న నలుసులే ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. దస్తీ వాటిని ఆపదు. మా మేనమామ పదిహేనేళ్లు ఆ కట్టర్ పట్టాడు. ఇప్పుడు ఒక అంతస్తు ఎక్కాలన్నా మధ్యలో రెండుసార్లు కూర్చుంటాడు. ఛాతీ డాక్టరు ఆయన్ని మొదట అడిగిన మాట, ఏం పని చేస్తావని. సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ జబ్బు అని చెప్పారు. దానికి నయం చేసే మందు లేదు.

ఆ తర్వాతే నేను రాణిగంజ్ పోయి వాల్ చేజర్ అనే గాడి కోసే మెషీన్ కొన్నాను. రెండు బ్లేడ్లు పక్కపక్కనే తిరిగి ఒకేసారి రెండు గీతలు కోస్తాయి, మధ్యలోది ఉలితో లేపేయొచ్చు. బ్లేడ్ల చుట్టూ మూత ఉంటుంది, దానికి వాక్యూమ్ గొట్టం తగిలిస్తే దుమ్ము చాలావరకు అందులోకే పోతుంది. అయినా మాస్కు అక్కరలేదు అనుకోవద్దు, నేను ఎన్‌95 పెట్టుకునే కోస్తాను. ఇంట్లో వాడే వాక్యూమ్ దీనికి పనికిరాదు, సన్న దుమ్మును వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఆ సన్న దుమ్మును కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్నదే కావాలి. చేజర్ కన్నా ఆ వాక్యూమ్‌కే ఎక్కువ అయింది. రోజు కూలి మీద బతికే కుర్రాళ్లు ఎక్కడ కొంటారు? కొందరు దుమ్ము అణగాలని 230 వోల్టుల మామూలు కట్టర్ మీద సీసాతో నీళ్లు పోస్తున్నారు. షాక్ కొడితే ప్రాణం పోతుంది. దయచేసి ఎవరూ అలా చేయవద్దు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసమని నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సు తీసుకుంటున్నారు. ఆ డబ్బుతో లేబర్ అడ్డాల దగ్గర ఈ చేజర్లు, వాక్యూమ్‌లు రోజు అద్దెకు దొరికేలా చేయాలని మన కార్మిక శాఖను కోరుతున్నాను. ఇంటి ఓనర్లు కూడా కొటేషన్ అడిగేటప్పుడు దుమ్ము లాగే మెషీన్ తెస్తారా అని ఒక్క మాట అడగండి. దాని అద్దె బిల్లులో వేస్తే కాదనకండి.

మీరు ఈసారి టూల్స్ గురించి రాస్తే కట్టర్ ధర పక్కనే వాక్యూమ్ ధర కూడా వేయండి.

– ఒక ఎలక్ట్రీషియన్, బోరబండ, హైదరాబాద్