గుడ్డు ధర ఎలా కుదురుతోందో ప్రజలకు చూపించండి: అమెరికా వ్యవసాయ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా వ్యవసాయ శాఖ మంత్రి బ్రూక్ రోలిన్స్ గారికి,

నమస్కారం.

బర్డ్ ఫ్లూను అరికట్టి గుడ్ల ధరలు దించేందుకు 2025 ఫిబ్రవరిలో మీరు వంద కోట్ల డాలర్ల ప్రణాళికను ప్రకటించారు. ఫామ్‌లలోకి వైరస్ చొరబడకుండా తీసుకునే జాగ్రత్తలకు 50 కోట్లు, కోళ్లను కోల్పోయిన రైతులను ఆదుకోవడానికి 40 కోట్లు, టీకాలు, చికిత్సల పరిశోధనకు 10 కోట్లు కేటాయిస్తున్నట్లు చెప్పారు. మరుసటి నెలలోనే డజను గుడ్ల సగటు చిల్లర ధర 6.23 డాలర్లకు చేరింది. మీ ప్రణాళికలో వైరస్ గురించి ఉంది, నష్టపరిహారం గురించి ఉంది, దిగుమతుల గురించి కూడా ఉంది. ధర ఎక్కడ, ఏ ఆధారంతో, ఎన్ని నిజమైన లావాదేవీల మీద కుదురుతోందన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. పన్ను కడుతూ, ఇంటికి గుడ్లు కొనుక్కునే ఒక సామాన్యుడిగా ఆ ప్రశ్నను మీ ముందుంచడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఇందుకోసం ఈ దేశంలో అందరికంటే ఎక్కువ గుడ్లు అమ్మే కాల్‌మైన్ ఫుడ్స్ కంపెనీ లెక్కలనే ఆధారంగా తీసుకుంటున్నాను. ఆ కంపెనీని దోషిగా నిలబెట్టాలన్నది నా ఉద్దేశం కాదు. 1996లో నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ కనుక ప్రతి త్రైమాసికంలోనూ తన ఖాతాలను బయటపెట్టవలసి ఉంటుంది, బయటపెడుతోంది కూడా. ప్రైవేటు యాజమాన్యంలో ఉన్న మిగతా పెద్ద ఉత్పత్తిదారుల లెక్కలు మనకు ఈ మాత్రం కూడా అందవు. మిసిసిపీలో 1957లో మొదలై, 1969లో కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రాల సంస్థలతో కలిసి ఇప్పటి పేరు తెచ్చుకున్న ఈ కంపెనీ నేడు దేశంలో పగలగొట్టకుండా పెంకుతోనే అమ్ముడయ్యే గుడ్లలో దాదాపు అయిదో వంతు అమ్ముతోంది. అందువల్ల దాని ఖాతాలు చదివితే మొత్తం పరిశ్రమ నాడి కొంతవరకు చేతికి చిక్కుతుంది.

మే నెలాఖరుతో ముగిసే ఆర్థిక సంవత్సరాన్ని పాటించే ఆ కంపెనీ 2021లో సుమారు 135 కోట్ల డాలర్ల అమ్మకాల మీద మిగుల్చుకున్న నికర లాభం 20 లక్షల డాలర్ల పైచిలుకు మాత్రమే. 2022లో అది 13 కోట్లు దాటింది. 2023లో అమ్మకాలు దాదాపు 315 కోట్లకు, లాభం 75.8 కోట్లకు ఎగబాకాయి. 2024లో లాభం 27.8 కోట్లకు తగ్గింది. 2025లో అమ్మకాలు 426 కోట్లకు, లాభం 122 కోట్లకు పెరిగి, కంపెనీ చరిత్రలో ఎన్నడూ లేని స్థాయిని అందుకున్నాయి. నాలుగేళ్ల వ్యవధిలో అమ్మకాలు మూడు రెట్లకు మించి పెరిగితే లాభం కొన్ని వందల రెట్లు పెరిగింది.

ఈ అంకెలు చూసి ఆవేశపడడం సులువు. కానీ వెనక్కి వెళ్లి చూస్తే ఇదే కంపెనీ 2016లో 31.6 కోట్ల లాభం గడించి, ఆ మరుసటి ఏడాదే 7.4 కోట్ల నష్టం చవిచూసింది. 2015లో బర్డ్ ఫ్లూ వచ్చి ధరలు ఆకాశానికంటినప్పుడు పరిశ్రమ అంతా కొత్త మందలను దింపింది. ఆ కోళ్లన్నీ గుడ్లు పెట్టడం మొదలయ్యేసరికి ధర కుప్పకూలింది. గుడ్ల వ్యాపారం ఇలాగే నడుస్తుంది: దాణా ధర చేతిలో ఉండదు, మొక్కజొన్న, సోయా పిండి ధరలు చికాగో మార్కెట్ నిర్ణయిస్తుంది, సరుకు ఎక్కువ రోజులు నిలవ ఉండదు, ధర పడిపోయిందని కోడి గుడ్డు పెట్టడం ఆపదు. ఏ త్రైమాసికంలో లాభం వస్తే అందులో మూడో వంతు వాటాదారులకు పంచడం, నష్టం వస్తే ఆ నష్టం పూడేదాకా డివిడెండ్ ఇవ్వకపోవడం అన్న నియమాన్ని కంపెనీ పెట్టుకున్నది కూడా ఈ ఒడుదొడుకులను ఎరిగే. కాబట్టి మంచి సంవత్సరంలో మంచి లాభం రావడమే తప్పని నేను అనడం లేదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. అది అర్థం కావాలంటే 2023 ఆర్థిక సంవత్సరం లెక్కను కాస్త నిదానంగా చూడాలి.

ఆ సంవత్సరం కంపెనీ సుమారు 115 కోట్ల డజన్ల గుడ్లు అమ్మింది. అంతకుముందు సంవత్సరం కంటే ఇది ఎక్కువే. ఆ ఏడాది పొడవునా దాని ఫామ్‌లలో ఒక్కదానిలోనూ బర్డ్ ఫ్లూ బయటపడలేదు. దాని కోళ్లకు ఆ వైరస్ మొదటిసారి సోకింది 2023 చివరలో, కాన్సస్‌లో. ఇక ఖర్చు సంగతి చూస్తే, డజను గుడ్లకు అయ్యే దాణా ఖర్చు సుమారు 57 సెంట్ల నుంచి 68 సెంట్లకు పెరిగింది. అంటే పెరుగుదల దాదాపు 11 సెంట్లు. అదే సమయంలో కంపెనీకి డజనుకు వచ్చిన సగటు ధర 1.58 డాలర్ల నుంచి 2.62 డాలర్లకు, అంటే డాలరుకు పైగా పెరిగింది. గుడ్లు తగ్గలేదు, కోళ్లు చావలేదు, ఖర్చు కొద్దిగా పెరిగింది, ధర మాత్రం మూడింట రెండు వంతులు పెరిగింది.

దీనికి ఆర్థిక శాస్త్రం చెప్పే జవాబు నాకు తెలుసు, అందులో నిజం కూడా ఉంది. 2022లో దేశం 4 కోట్లకు పైగా లేయర్ కోళ్లను, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్లను కోల్పోయింది. ఒకచోట కొరత వస్తే మార్కెట్ అంతటా ధర పెరుగుతుంది, వ్యాధి సోకని ఫామ్ గుడ్డుకు తక్కువ ధర పలకదు. ధర పెరిగినా జనం గుడ్లు కొనడం పెద్దగా తగ్గించరు కనుక, సరఫరా నూటికి అయిదారు పాళ్లు తగ్గినా ధర ఎన్నో రెట్లు ఎక్కువగా స్పందిస్తుంది. ఇంతవరకు నాకు పేచీ లేదు. కొరత వల్ల న్యాయంగా ఎంత పెరగాలో, ధర నిర్ణయించే పద్ధతిలోని లోపం వల్ల అదనంగా ఎంత పెరిగిందో విడదీసి చూపగల సమాచారం ఎవరి దగ్గరా బహిరంగంగా లేకపోవడమే నా బాధ.

ఆ పద్ధతి ఇదీ. మామూలు గుడ్లలో అత్యధిక భాగం ఉత్పత్తిదారుకూ చిల్లర గొలుసు దుకాణాలకూ మధ్య ముందే కుదిరిన ఒప్పందాల మీద చేతులు మారతాయి. ఆ ఒప్పందాల్లో ధర అంకె ఉండదు, ధరను లెక్కగట్టే సూత్రం ఉంటుంది. ఆ సూత్రానికి ఆధారం ఒక ప్రైవేటు సంస్థ ప్రకటించే సూచీ ధర. చాలాకాలం అర్నర్ బ్యారీ పేరుతో, ఇప్పుడు ఎక్స్‌పానా పేరుతో ఆ సూచీ వెలువడుతోంది. అప్పటికప్పుడు బేరమాడి కొనే బహిరంగ మార్కెట్‌లో జరిగే లావాదేవీలు మొత్తం వ్యాపారంలో చిన్న భాగం. ఆ చిన్న భాగంలో నాలుగు లోడ్ల గుడ్ల కోసం పోటీ పెరిగితే సూచీ కదులుతుంది, సూచీ కదిలితే ఒప్పందాల మీద పోయే కోట్లాది డజన్ల ధర దానంతటదే మారిపోతుంది. బోనుల్లేకుండా పెంచిన కోళ్ల గుడ్ల వంటి ప్రత్యేక రకాలకు ఉత్పత్తి ఖర్చును ఆధారం చేసుకున్న ఒప్పందాలు ఎక్కువ. అందుకే 2023లో ఆ గుడ్ల సగటు ధర అంతగా ఎగరలేదు, ఖరీదైన ఆ రకాలకంటే కంపెనీకి మామూలు గుడ్డు మీదే ఎక్కువ ధర వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే దాణా, ఒకే వైరస్ భయం. తేడా ఉన్నది ధర కుదిరే విధానంలో. ఈ ఒక్క సంగతి మీ శాఖ ఆర్థికవేత్తలను కూర్చోబెట్టి ఆలోచింపజేయవలసింది.

సూచీ వెనుక కుట్ర ఉందని నేను ఆరోపించడం లేదు, అందుకు నా దగ్గర ఆధారాలూ లేవు. 2025 మార్చిలో న్యాయ శాఖ ఈ కంపెనీకి సమాచారం కోరుతూ నోటీసు ఇచ్చిందని కంపెనీయే వెల్లడించింది. ఆ విచారణ దారిన అది సాగాలి. 2004, 2008 మధ్య సరఫరాను కృత్రిమంగా తగ్గించారన్న కేసులో ఇలినాయ్ ఫెడరల్ జ్యూరీ 2023లో ఈ కంపెనీతో పాటు మరికొందరిని బాధ్యులుగా తేల్చి 1.77 కోట్ల డాలర్ల నష్టాన్ని నిర్ధారించిన మాట వాస్తవమే గాని, అది పాత కాలపు వ్యవహారం, దాన్ని తెచ్చి ఇప్పటి ధరలకు అంటగట్టడం సరికాదు. అయితే ఆ దావా తీర్పు దాకా రావడానికి పదేళ్లకు పైగా పట్టిందని గమనించండి. దావా వేసినవి ఆహార పదార్థాలు కొని వాడుకునే భారీ కంపెనీలు కనుక అంతకాలం కోర్టులో నిలబడగలిగాయి. సామాన్య కొనుగోలుదారుకు ఆ దారి లేదు. లావాదేవీల సమాచారం ఎప్పటికప్పుడు బహిరంగంగా ఉంటే అనుమానానికీ, అన్యాయానికీ రెంటికీ చోటు తగ్గుతుంది.

మంత్రి గారూ, ఇది కొత్తగా కనిపెట్టవలసిన పద్ధతి కాదు. 1999లో వచ్చిన చట్టం ప్రకారం పశువులు, పందులు, గొర్రెల మాంసం వ్యాపారంలో పెద్ద కంపెనీలు తాము ఏ ధరకు ఎంత కొన్నాయో, ఏ తరహా ఒప్పందం మీద కొన్నాయో మీ శాఖకు తప్పనిసరిగా తెలపాలి. మీ శాఖ వాటిని కలగలిపి ప్రచురిస్తుంది. గుడ్లు ఆ చట్టంలో లేవు. గుడ్ల ధరల మీద మీ శాఖ నివేదికలు ఇస్తున్నా, అవి వ్యాపారులు ఇష్టపడి చెప్పిన సమాచారం మీద ఆధారపడినవి. దేశంలో ఎన్ని లేయర్ కోళ్లున్నాయో నెలనెలా లెక్కగట్టే ప్రభుత్వానికి, ఆ కోళ్లు పెట్టిన గుడ్లు నిజానికి ఏ ధరకు చేతులు మారాయో తెలుసుకునే హక్కు లేకపోవడం నాకు సబబుగా తోచదు.

పైగా ఇందులో ప్రజాధనం ఉంది. వ్యాధి నిర్ధారణ అయిన ఫామ్‌లో మందను చంపేయవలసి వచ్చినప్పుడు ఆ కోళ్ల విలువనూ, నాశనం చేసిన గుడ్ల విలువనూ, కళేబరాలను తొలగించే ఖర్చునూ ప్రభుత్వం భరిస్తుంది. 2022 నుంచి ఇలా చెల్లించిన మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. ఈ పరిహారం ఉండాలి. అది లేకపోతే రైతు వ్యాధిని దాచిపెడతాడు, వైరస్ మరింత వ్యాపిస్తుంది. షెడ్డు ఖాళీగా ఉన్న నెలల ఆదాయ నష్టాన్ని పరిహారం పూడ్చదన్నదీ నిజమే. కొత్త పెట్టలు గుడ్డుకు రావడానికే నాలుగున్నర నెలలు పడుతుంది, పెద్ద ఫామ్ మళ్లీ పూర్తిగా నిండడానికి అంతకు ఎంతో ఎక్కువ కాలం కావాలి. ఒకే షెడ్డు, ఒకే ఆదాయం ఉన్న చిన్న రైతును ఈ ఖాళీ కాలం కూల్చేస్తుంది. ఎన్నో రాష్ట్రాల్లో ఫామ్‌లున్న సంస్థకు మాత్రం ఒకచోట పోయిన ఆదాయం మిగతా చోట్ల పెరిగిన ధర రూపంలో తిరిగివస్తుంది, కొన్నిసార్లు పోయినదానికంటే ఎక్కువగా వస్తుంది. ఈ తేడాను మీ పరిహార విధానం గుర్తించడం లేదు.

అందుచేత నేను కోరేవి రెండే. మొదటిది, మీరు నిర్ణయించే ఒక సంఖ్యకు మించి కోళ్లున్న ప్రతి పెద్ద సంస్థ విషయంలోనూ పరిహారంగా ఎంత మొత్తం ఇచ్చారో, ఏ ఫామ్‌లో మళ్లీ కోళ్లను ఎప్పుడు దింపారో సంస్థ పేరుతో సహా ప్రచురించండి. 2024 డిసెంబరులోనే మీ శాఖ వ్యాధి నివారణ జాగ్రత్తల తనిఖీని పరిహారానికి షరతుగా పెట్టింది. షరతు పెట్టగలిగిన చోట వెల్లడి కూడా కోరవచ్చు. రెండవది, అసలైనది: మాంసానికి వర్తిస్తున్న తప్పనిసరి ధరల నివేదన చట్టంలో గుడ్లను చేర్చమని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు మీ శాఖ తరఫున ప్రతిపాదన పంపండి.

దీనికి పరిశ్రమ చెప్పబోయే అభ్యంతరం ఊహించగలను. ఉత్పత్తిదారులు కొద్దిమందే కనుక అంకెలు బయటపెడితే ఎవరు ఎంతకు అమ్మారో పోటీదారులకు తెలిసిపోతుందనీ, దానివల్ల వారు కూడబలుక్కోవడం ఇంకా తేలికవుతుందనీ అంటారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. కానీ మాంసం నివేదికలకు ఇప్పటికే ఒక రక్షణ ఉంది: కనీసం ముగ్గురు సమాచారం ఇవ్వాలి, ఏ ఒక్కరి వాటా 70 శాతం మించకూడదు, ఒకే సంస్థ ఒంటరిగా సమాచారమిచ్చే సందర్భాలు 20 శాతం దాటకూడదు. అతి పెద్ద సంస్థ వాటా అయిదో వంతు మాత్రమే ఉన్న గుడ్ల వ్యాపారంలో, ప్రాంతాలను మరీ చిన్న ముక్కలుగా విడగొట్టనంతవరకు, ఈ నియమం హాయిగా పనిచేస్తుంది. పైగా చిల్లర గొలుసు దుకాణాల వైపు ఏం జరుగుతోందో కూడా ఈ సమాచారంతో తేలుతుంది. కాల్‌మైన్ అమ్మకాల్లో మూడో వంతు ఒక్క వాల్‌మార్ట్, దాని అనుబంధ దుకాణాలకే వెళుతుంది. ఫామ్ దగ్గర ధర దిగినప్పుడు దుకాణంలో ఎన్ని వారాలకు దిగుతోంది, ఎంత దిగుతోంది అన్నది నేడు ఎవరి అంచనా వారిదే.

ధరల మీద పరిమితి పెట్టమని నేను అడగడం లేదు. పరిమితి పెడితే నష్టం వచ్చే సంవత్సరాల్లో రైతును ఎవరు ఆదుకుంటారన్న ప్రశ్న వస్తుంది, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. లాభాల మీద ప్రత్యేక పన్ను కూడా అడగడం లేదు.

మాంసం ధరల నివేదన చట్టం గడువు 2020 సెప్టెంబరులో ముగిసినప్పటి నుంచి తాత్కాలిక పొడిగింపుల మీదే నడుస్తూ వచ్చింది. దాన్ని మళ్లీ పూర్తి స్థాయిలో ఆమోదించే సందర్భంలో గుడ్లను చేర్చే సవరణను మీ శాఖ సిద్ధం చేస్తుందా లేదా, చేయదలచుకోకపోతే కారణమేమిటి అన్న రెండు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబిచ్చి, దాన్ని ప్రజలందరికీ అందుబాటులో ఉంచవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పన్ను చెల్లింపుదారు