రాత్రి చుక్క ఒక్కటే బావా

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరే బావా,

ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అంటావు. అందుకని కాగితం పట్టాను. డాక్టరు రాత్రి కంట్లో ఒక చుక్క వేసుకోమంటే, కంటి లోపలి ప్రెషర్ త్వరగా దిగాలని పొద్దున్న కూడా ఒకటి వేస్తున్నావట. చెల్లి చెప్పింది, దాని మీద ఎగరకు. ఆ పొద్దుటి చుక్క రేపట్నుంచి మానెయ్. నీ కంటిమందు లటానోప్రోస్ట్ రోజుకి ఒకసారి కంటే ఎక్కువ వేస్తే పని పెరగదు, తగ్గే ప్రమాదం ఉంది. ఇది నేను పుట్టించిన మాట కాదు, డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితంలోనే ఉంది. ఇన్నేళ్లుగా మందుల షాపులో కూర్చున్నాను కదా, ఆ కాగితం కావాలని అడిగినవాడు ఒక్కడే. వాడూ మనవడికి పడవ చెయ్యడానికి అడిగాడు.

ఇంకోటి. సీసా మీద "ప్రోస్ట్" అని చూసి, ప్రోస్టేట్ మందు కంట్లో వేశారని కంగారు పడ్డావట! తప్పు నీది కాదులే, పేరు పెట్టినాయనది. 1935లో స్వీడన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ వీర్యంలో నీ మందుకి మూలమైన పదార్థాన్ని చూసి, ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిందనుకుని ప్రోస్టాగ్లాండిన్ అన్నాడు. తీరా చూస్తే ఒంట్లో దాదాపు ప్రతిచోటా తయారవుతుంది. జ్వరం, నొప్పి, పురిటినొప్పులు, అన్నిట్లోనూ దీని చెయ్యి ఉంది.

ఇక కన్ను సంగతి. మీ ఊరి చెరువు గుర్తు తెచ్చుకో. కంటి లోపల నిమిషానికి రెండు మైక్రోలీటర్లకి కాస్త అటూఇటూగా నీరు ఊరుతుంది. కన్నీళ్లు కాదు, అది వేరే. నువ్వు వేసే చుక్కంత నీరు ఊరడానికి పావుగంట పడుతుందనుకో. ఊరిందంతా పోవాలి, లేకపోతే ప్రెషర్ పెరిగి లోపలి నరం నలుగుతుంది. పోయే దారులు రెండు. ఒకటి తూము, జల్లెడలాంటి దారి. రెండోది గట్టు మట్టిలోంచి దిగే ఊట, అంటే కంటి లోపలి సిలియరీ అనే కండరం పోగుల మధ్య సందుల్లోంచి. టిమోలాల్ లాంటి వేరే కంటిమందు చెరువులోకి వచ్చే నీటినే తగ్గిస్తుంది. నీ మందు ముఖ్యంగా ఊటదారిని గుల్ల చేస్తుంది.

ఎలాగంటావా? ఆ కండరం కణాల పొరలో ఎఫ్‌పి రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. మా అమ్మ బొంత కుట్టినట్టు, ఒకే దారం పొరలోకీ బయటికీ ఏడుసార్లు గుచ్చి తీసినట్టు ఉంటుంది. మందు బయటివైపు వచ్చి దానికి అతుక్కుంటుంది, అంతే, లోపలికి పోనక్కర్లేదు. అతుక్కోగానే రిసెప్టర్ కాస్త మెలి తిరుగుతుంది. దాని లోపలి కొస దగ్గర కాచుకుని ఉన్న జీ ప్రొటీన్ విడిపోయి ఫాస్ఫోలైపేస్ సి అనే ఎంజైముని లేపుతుంది. కణంలో దాచి ఉన్న కాల్షియం బయటపడుతుంది. కబురు అలా అలా జన్యువుల దాకా వెళ్తే కణం కొల్లాజెన్ అనే పీచు ప్రొటీన్‌ని కోసే ఎంజైములు చేస్తుంది. పోగుల మధ్య ఉన్న ఆ జిగట తగ్గి, మట్టి గుల్లబారి, ఊట బాగా దిగుతుంది. చుక్క పడిన మూడు నాలుగు గంటలకి ప్రెషర్ దిగడం మొదలై, ఎనిమిది నుంచి పన్నెండు గంటలకి బాగా దిగుతుంది. అంటే నువ్వు పొద్దున్న కళ్లు నులుముకుంటూ రెండో చుక్కకి చెయ్యి చాచేసరికి, రాత్రి చుక్క మంచి పనిలో ఉంటుంది. పైగా ఈ జాతి రిసెప్టర్లని ఊరికే తడుతుంటే మొద్దుబారతాయి. కొన్నిటిని కణమే లోపలికి లాగేసుకుంటుంది. తలుపు పగిలేలా కొడితే ఇంట్లోవాళ్లు గడియ పెట్టుకోరూ?

నాకు బాగా నచ్చింది వేరే. సీసాలో ఉన్నది అసలు మందు కాదురా! దానికి ఐసోప్రొపైల్ ఎస్టర్ అనే తోక ఉంటుంది. ఆ తోక వల్లే కార్నియా, అంటే కంటి ముందు అద్దంలాంటి పొర, దాని నూనెపొరని దాటగలుగుతుంది. దాటుతుండగా అక్కడి ఎంజైములు తోక కత్తిరిస్తే అప్పుడు లటానోప్రోస్ట్ యాసిడ్ అవుతుంది, రిసెప్టర్ ఒప్పుకునేది దాన్నే. ఇక్కడ ఒడిశాలో మన బతుకూ అంతే కదా, ఆఫీసు గుమ్మం దగ్గర ఒడియా, ఇంటి గుమ్మం దాటాక తెలుగు.

మా షాపు ఫ్రిజ్‌లో ఈ సీసాల పక్కనే కార్బోప్రోస్ట్ ఇంజెక్షన్లుంటాయి. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే గర్భసంచి ముడుచుకోవడానికి చేస్తారు. ఇద్దరూ ఎఫ్2 ఆల్ఫా అనే రకం ప్రోస్టాగ్లాండిన్ సంతానమే. అక్కడ కండరం బిగుస్తుంది, ఇక్కడ సడలుతుంది. మొదట్లో కుందేళ్ల కళ్లలో ప్రోస్టాగ్లాండిన్ ఎక్కువ మోతాదు వేస్తే ప్రెషర్ పెరిగి కన్ను వాచిపోయేది, అందుకని కంటికి చెడ్డదనుకున్నారు. తక్కువ వేస్తే ప్రెషర్ తగ్గుతుందని కొలంబియా యూనివర్సిటీలో లాస్లో బిటో పట్టుకున్నాడు. హంగరీ నుంచి పారిపోయి వచ్చినవాడు. 1996లో అమెరికాలో లటానోప్రోస్ట్‌కి అనుమతి వచ్చింది. చూశావా, అక్కడా తక్కువే గెలిచింది.

అమ్మ సంగతి చెప్పలేదు కదూ. తనకి కుడికంటికే ఈ చుక్కలు. కొన్ని నెలలకి ఆ కంటి రెప్పవెంట్రుకలు పొడుగ్గా, నల్లగా పెరిగాయి. పాతపట్నంలో పెళ్లికి వెళ్తే వదిన అందరి ముందూ "అత్తా, ఒక కంటికే కాటుక పెట్టావేం?" అంది. అమ్మ వారం రోజులు చుక్క మానేసింది, నాకు చెప్పకుండా! తర్వాత కళ్ల డాక్టరు దగ్గర ప్రెషర్ చూస్తే దొరికిపోయింది. ఇదే కుటుంబంలోని బైమాటోప్రోస్ట్‌ని రెప్పవెంట్రుకలు పెరగడానికే 2008లో అమెరికాలో అనుమతించారని చెబితే, "డబ్బిచ్చి కొనుక్కుంటారా?" అని తెల్లబోయింది. కంటి చుట్టూ చర్మం నల్లబడొచ్చు, కన్ను కాస్త లోతుకి పోయినట్టు కనబడొచ్చు. అందుకని చెంప మీదికి జారింది వెంటనే తుడుచుకో. ఎర్రదనం, నొప్పి ఎక్కువైతే మాత్రం నాకు కాదు, డాక్టరుకి చెప్పు.

మూత తీయని సీసా ఫ్రిజ్‌లో పెట్టు, డీప్‌ఫ్రీజర్‌లో కాదు. తీసిన తేదీ పెన్నుతో సీసా మీద రాయి, ఆరు వారాలయ్యాక మందు మిగిలినా పారెయ్. నువ్వు పారెయ్యవని తెలుసు, అందుకే చెల్లికి కూడా చెప్పాను.

వచ్చే చెకప్‌లో రెండు కళ్ల ప్రెషర్ నంబర్లూ నాకు పంపు. రథయాత్రకి రండి, రాత్రి చుక్క మాత్రం సంచీలో మర్చిపోకు. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ
బావ