నాలుగు గదులకు నాలుగు బాక్సులు అమ్మి ఒక్క పోర్టు ఎల్‌ఎన్‌బీ బిగించారు: ఫిర్యాదు

మిర్యాలగూడ,
నల్లగొండ జిల్లా.

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,
తెలంగాణ నోడల్ అధికారి గారికి,

విషయం: మల్టీ టీవీ కనెక్షన్‌లో సింగిల్ ఎల్‌ఎన్‌బీకి (ఛత్రీ ముందు సిగ్నల్ పట్టి వైరులోకి దించే, ఒకే పోర్టున్న పరికరం) స్ప్లిట్టర్లు (ఒక వైరును రెండుగా చీల్చేవి) తగిలించి నాలుగు బాక్సులు నడపడం, నాలుగు పోర్టుల క్వాడ్ ఎల్‌ఎన్‌బీతో ఫిట్టింగ్ మళ్లీ చేయించడం, వసూలు చేసిన డబ్బు వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

మా ఇంట్లో మీ డీటీహెచ్ కనెక్షన్ ఉంది. ఛత్రీ ఒకటే, సెట్‌టాప్ బాక్సులు నాలుగు: కింద హాలు, పడకగది, పై పోర్షన్‌లో ముందు గది, వెనక గది. నాలుగింటికీ నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, ప్యాక్ డబ్బులు విడివిడిగా కడుతున్నాం. ఏ గదిలో ఏ ఛానెల్ కావాలంటే అది చూసుకోవచ్చని మీ డీలరు చెప్పి అమ్మాడు. ఇప్పుడున్న ఫిట్టింగ్‌తో అది కాని పని. బాక్సులు చెడిపోలేదు, వానతో సంబంధం లేదు, మా టీవీలూ బాగానే ఉన్నాయి. లోపం ఎక్కడుందో కింద రాస్తున్నాం. ఇది చదివాక కూడా "బాక్సు ఆఫ్ చేసి ఆన్ చేయండి" అని మెసేజ్ పంపవద్దని మనవి.

డాబా మీద 60 సెంటీమీటర్ల ఛత్రీకి ఒక్క పోర్టు ఎల్‌ఎన్‌బీ బిగించారు. దాని నుంచి దిగిన ఒకే వైరు పిట్టగోడ పక్కన రెండు దారుల స్ప్లిట్టర్‌లోకి పోతుంది. ఒక దారి పై పోర్షన్‌కు వెళ్లి, వరండాలో ఇంకో స్ప్లిట్టర్‌తో రెండు గదులకు చీలుతుంది. రెండో దారి కిందికి దిగి, హాలు సజ్జ మీద మూడో స్ప్లిట్టర్‌లో చీలి హాలుకు, పడకగదికి పోతుంది. మొదటి రెండింటి మీద 5–2400 మెగాహెర్ట్జ్ అని అచ్చు ఉంది. మూడోదాని మీద 5–1000 అని ఉంది. అది లోకల్ కేబుల్ టీవీ వాళ్లు వాడే స్ప్లిట్టర్. ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే సిగ్నలేమో 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. వెయ్యి దగ్గర ఆగిపోయే వస్తువును, వెయ్యి దగ్గర మొదలయ్యే సిగ్నల్‌కు పెట్టారన్నమాట.

అసలు తప్పు అంతకన్నా పెద్దది. సెట్‌టాప్ బాక్సు తనకు కావలసిన పోలరైజేషన్‌ను (సిగ్నల్ తరంగం నిలువుదా, అడ్డందా అన్నది) వైరులోకి పంపే వోల్టేజీతోనే అడుగుతుంది. 13 వోల్టులు పంపితే వర్టికల్ (నిలువు), 18 వోల్టులు పంపితే హారిజాంటల్ (అడ్డం). ఒక్క పోర్టు ఎల్‌ఎన్‌బీ ఒక సమయంలో ఒకదాన్నే ఇవ్వగలదు. మీ ఛానెళ్లు రెండింటిలోనూ ఉన్నాయి. స్ప్లిట్టర్ ద్వారా రెండు బాక్సులు ఒకే ఎల్‌ఎన్‌బీకి తగిలినప్పుడు ఒకటి 13, ఇంకొకటి 18 అడిగితే, ఎక్కువ వోల్టేజీదే మాట చెల్లుతుంది. 13 అడిగిన బాక్సుకు తెర ఖాళీ.

ఇది ఊహించి రాసింది కాదు, మల్టీమీటర్ పెట్టి చూసిందే. పై ముందు గది బాక్సు ఒక్కటే ఆన్‌లో ఉండి వార్తల ఛానెల్ నడుస్తున్నప్పుడు ఎల్‌ఎన్‌బీ దగ్గర 12.3 వోల్టులు ఉంది. రెండు స్ప్లిట్టర్లలోని డయోడ్లు కొంత తినేస్తాయి కనుక ఆ మాత్రం తగ్గడం మామూలే. వెనక గది బాక్సులో పిల్లల ఛానెల్ పెట్టగానే మీటరు 17.1 చూపించింది. అదే క్షణంలో ముందు గదిలో వార్తలు ఆగి "సిగ్నల్ అందడం లేదు" అని వచ్చింది. వెనక గది బాక్సును రిమోట్‌తో ఆపినా లాభం లేదు. స్టాండ్‌బైలో ఉన్నా మీ బాక్సు వైరులోకి వోల్టేజీ పంపుతూనే ఉంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపితేనే ముందు గదికి బొమ్మ తిరిగి వచ్చింది.

కింద పోర్షన్ పరిస్థితి ఇంకా విచిత్రం. సజ్జ మీది కేబుల్ టీవీ స్ప్లిట్టర్ కరెంటును దాటనివ్వదు. హాలు బాక్సు వైపు పోర్టులో 18 వోల్టులు ఉన్నా, డాబా వైపు పోర్టులో సున్న. అంటే హాలు, పడకగది బాక్సులు ఎల్‌ఎన్‌బీని ఏమీ అడగలేవు. పైవాళ్లు ఏది అడిగితే దాంట్లోంచి కిందికి కారిందే వీటికి దక్కుతుంది. పై పోర్షన్ వాళ్లు ఊరికి పోతూ మెయిన్ ఆపేస్తే కింద రెండు టీవీలూ ఆగిపోతాయి. సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లకు వారబందీ పెట్టినట్టు ఇంట్లో ఛానెళ్లకూ వంతులు వేసుకోవాలన్నమాట. నాలుగు కనెక్షన్ల డబ్బు కట్టేది అందుకు కాదు కదా.

మరి ఫిట్టింగ్ రోజు నాలుగు టీవీలూ బాగానే వచ్చాయి, ఫొటోలు కూడా తీసుకున్నాం అని మీ రికార్డులో ఉంది. నిజమే, వచ్చాయి. నాలుగు బాక్సులూ ఆన్ కాగానే మీ కంపెనీ హోం ఛానెల్ మీదే నిలుస్తాయి. నాలుగూ ఒకే ఛానెల్ అడుగుతుంటే గొడవ ఎక్కడిది? పరీక్షించాలంటే పక్కపక్క గదుల్లో చెరో పోలరైజేషన్ ఛానెల్ పెట్టి పది నిమిషాలు చూడాలి. ఆ పని ఎవరూ చేయలేదు.

ఆ తర్వాత వచ్చిన మీ టెక్నీషియన్లందరూ ఒకటే చేశారు: బాక్సు మార్చడం, విజిటింగ్ ఛార్జీ తీసుకోవడం. ఫోన్‌లో చెప్పిన సమాధానం వాన, మబ్బు. వాన వల్ల సిగ్నల్ పోతే అన్ని గదుల్లో, దాదాపు అన్ని ఛానెళ్లూ ఒకేసారి పోతాయి, వాన తగ్గగానే వస్తాయి. ఇక్కడ మే నెల మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక లేని ఆకాశం కింద, ఒక గదిలో చూస్తున్న ఛానెల్ పోయి పక్క గదిలో ఇంకో ఛానెల్ శుభ్రంగా వస్తోంది. ఈ రెండింటికీ తేడా తెలియని మనిషి డాబా ఎక్కి మాత్రం ఏం చేస్తాడు? అయినా వచ్చిన కుర్రాళ్లను తప్పుపట్టడం లేదు. వాళ్ల సంచీలో సింగిల్ ఎల్‌ఎన్‌బీలు, స్ప్లిట్టర్లు తప్ప వేరేవి లేవు. క్వాడ్ ఎల్‌ఎన్‌బీ అడిగితే "స్టోర్ నుంచి ఇవ్వరు సార్" అన్నారు. నాలుగో బాక్సు అమ్మేటప్పుడు దానికి కావలసిన ఎల్‌ఎన్‌బీని స్టోర్ నుంచి ఎందుకు ఇవ్వరో మీరే చెప్పాలి.

సిగ్నల్ బలం సంగతి కూడా చూడండి. ఛత్రీకి వాడే మంచి ఆర్‌జీ-6 రకం వైరులో 100 మీటర్లకు 950 మెగాహెర్ట్జ్ దగ్గర 20 డెసిబెళ్లకు పైగా, 2150 దగ్గర 30కి పైగా నష్టం ఉంటుంది. పడకగదికి వైరు పొడవు 28 మీటర్లు. అంటే పై అంచు ఛానెళ్లకు వైరులోనే 9 డెసిబెళ్ల దాకా పోతుంది. రెండు దారుల స్ప్లిట్టర్ ఒక్కొక్కటి దాదాపు 4 తింటుంది. మూడోది తన పరిధి దాటిన చోట ఎంత మింగుతుందో దాన్ని తయారు చేసినవాళ్లు కూడా రాసి ఉండరు. పడకగది బాక్సులో కొన్ని ఛానెళ్లు గళ్లుగళ్లుగా పగిలిపోవడం, మిగతావి శుభ్రంగా రావడం ఇందువల్లే. సిగ్నల్ పెంచడానికి లైన్ ఆంప్లిఫయర్ పెడతామని ఒకరు అన్నారు. అది బలాన్ని పెంచుతుంది గానీ, 13, 18 తగాదాను తీర్చదు. వద్దు.

పిట్టగోడ పక్కన ఒక జాయింటు ఉంది. లోపలి తీగలు మెలిపెట్టి, పైన నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టారు. మా ఎండకు ఆ టేపు జిగురు కరిగి స్లాబ్ మీదికి కారింది, టేపు విడిపోయింది. లోపల మధ్య తీగ చుట్టూ ఉండే అల్లిక తీగలు పచ్చగా, పొడిపొడిగా ఉన్నాయి. ఒక పోగు మధ్య తీగను తాకేలా ఉంది. వాన నీళ్లు అల్లిక వెంబడి లోపలికి పాకుతాయి. ఇలాంటి జాయింటు దగ్గర వోల్టేజీ పడిపోతే, బాక్సు పంపిన 18 ఎల్‌ఎన్‌బీకి 14కు దిగి అందుతుంది, అది 13 అనుకుంటుంది. అప్పుడు హారిజాంటల్ ఛానెళ్లు మొత్తం పోతాయి. ఒక పోగు షార్ట్ అయితే బాక్సే రక్షణ కోసం వోల్టేజీ ఆపేస్తుంది. వైరు చివర బిగించే ఎఫ్ కనెక్టర్లు చేత్తో తిప్పి బిగించే రకం. వైరు లాగితే ఊడి వస్తున్నాయి. వైరుకు క్లిప్పులు లేవు, గాలిలో వేలాడుతోంది. మిర్యాలగూడలో కోతుల సంగతి మీ లోకల్ ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. వేలాడే వైరు వాటికి ఉయ్యాల; ఛత్రీ కాస్త పక్కకు తిరిగినా ఆ రోజుకు టీవీలు బంద్.

మాకు కావలసిన పని ఇది. సింగిల్ ఎల్‌ఎన్‌బీ తీసేసి నాలుగు పోర్టుల క్వాడ్ ఎల్‌ఎన్‌బీ పెట్టాలి. అందులో ఏ పోర్టు కా పోర్టు విడిగా 13, 18 వింటుంది, ఏ బ్యాండు కావాలో చెప్పే 22 కిలోహెర్ట్జ్ టోన్ కూడా. క్వాట్రో అనే మాదిరి పేరుతో ఇంకోటి ఉంటుంది. దాని నాలుగు పోర్టులూ నాలుగు స్థిరమైన బ్యాండ్లవి. మల్టీస్విచ్ (ఏ బాక్సు ఏది అడిగితే ఆ బ్యాండును దానికి పంపే పెట్టె) లేకుండా నేరుగా బాక్సులకు పెడితే పనిచేయదు. స్టోర్ వాళ్లు పేరు చూసి అది పంపకుండా చూడండి. రెండు పోర్టుల ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టి చెరో స్ప్లిట్టర్ తగిలించే బేరం కూడా వద్దు, తగాదా రెండు జతలుగా మారుతుంది, అంతే. ఒక బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ చీల్చి అన్ని టీవీలకు ఇస్తామన్నా కుదరదు. అలాగైతే అందరూ ఒకే ఛానెల్ చూడాలి, నాలుగు బాక్సుల డబ్బు దేనికి?

ఒక్కో పోర్టు నుంచి ఒక్కో గదికి, మధ్యలో జాయింటు గానీ స్ప్లిట్టర్ గానీ లేకుండా కొత్త ఆర్‌జీ-6 వైరు వేయాలి. పొడవులు హాలుకు 22, పడకగదికి 28, పై ముందు గదికి 12, వెనక గదికి 15 మీటర్లు; మొత్తం 77. వంపులకు, మిగులుకు కలిపి 100 మీటర్ల చుట్ట ఒక్కటి సరిపోతుంది. పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ కనెక్టర్లు ఎనిమిది. ప్రతిదానికీ మధ్య తీగ అంచు దాటి 3 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉండాలి, అల్లిక పోగు ఒక్కటీ దానికి తగలకూడదు. ఎల్‌ఎన్‌బీ దగ్గర నీళ్లు దిగేలా వైరును కిందికి వంచి, తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టాలి. క్లిప్పులు అర మీటరుకు ఒకటి. ఛత్రీకి రెండు సపోర్టు రాడ్లు, పోలుకు ఎర్తింగ్. పని అయ్యాక నాలుగు గదుల్లో వేర్వేరు పోలరైజేషన్ ఛానెళ్లు పెట్టి, ఒక్కో బాక్సునూ గోడ దగ్గర ఆపి ఆన్ చేసి, మిగతా మూడూ కదలకుండా ఉన్నాయో లేదో చూశాకే సంతకం పెడతాం.

డబ్బు విషయం. విజిటింగ్ ఛార్జీలన్నీ వాపసు ఇవ్వాలి, తప్పు ఫిట్టింగ్‌ను చూడటానికి వచ్చినందుకు మేం కట్టేది లేదు. ఫిట్టింగ్ నాటి నుంచి సరిచేసే దాకా మూడు అదనపు బాక్సుల ఫీజు, ప్యాక్ డబ్బులు మా ఖాతాలో తిరిగి వేయాలి. క్వాడ్ ఎల్‌ఎన్‌బీకి, వైరుకు వేరే బిల్లు వేస్తే ఒప్పుకోం. నాలుగు గదుల్లో నాలుగు ఛానెళ్లు అని అమ్మింది మీరే.

ఈ లేఖకు డాకెట్ నంబరు, పని చేసే తేదీ రాతపూర్వకంగా 15 రోజుల్లో పంపండి. లేకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. మూడు స్ప్లిట్టర్ల మీది అచ్చు కనిపించే ఫొటోలు, మీటరు రీడింగుల వీడియో, విజిటింగ్ ఛార్జీల రసీదులు దీంతో జతచేశాం. విప్పిన జాయింటును కత్తిరించి దాచాం. మీ టెక్నికల్ విభాగం నుంచి ఎవరైనా వస్తే చూపిస్తాం. ఆ వచ్చేవారు క్వాడ్ ఎల్‌ఎన్‌బీ వెంట తెచ్చుకుంటే ఒక్క పూటలో పని అయిపోతుంది.

ఇట్లు,
మీ వినియోగదారులు,
మిర్యాలగూడ.