లూయిస్టన్ పోటీ కాగితాలు బయటపెట్టండి

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర బాక్సింగ్ అధికారి గారికి,

1965 మే 25న మీ లూయిస్టన్‌లో ముహమ్మద్ అలీ, మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ సోనీ లిస్టన్‌ల పోటీ మొదటి రౌండులోనే ముగిసింది. ఆ వీడియోని నెమ్మదిగా తిప్పి చూశాను. అలీ కుడిచేతి గుద్దు తగిలిన మాట నిజమే. కానీ లిస్టన్ అంతటివాడు దానికే పడిపోతాడా? లేవబోయి మళ్లీ వెల్లకిలా ఎందుకు దొర్లాడు? అలీ మూలకు వెళ్లకుండా మీద నిలబడి అరుస్తుంటే రిఫరీ వాల్కాట్ పడినవాడికి పది దాకా పెట్టాల్సిన లెక్కే పెట్టలేదు. తీరా లిస్టన్ లేచి ఆడుతుంటే, రింగు పక్కనుంచి పత్రికా సంపాదకుడు ఫ్లైషర్ పది సెకన్లు దాటిపోయాయని కేకేస్తే వాల్కాట్ పోటీ ఆపేశాడు. ఇదేం పద్ధతండీ!

లిస్టన్ అమ్ముడుపోయాడని నేననను, రుజువు లేదు. కానీ బాక్సింగ్‌లో అలాంటివి జరగకపోలేదు: 1947లో బిల్లీ ఫాక్స్‌ చేతిలో కావాలనే ఓడిపోయానని బాక్సర్ జేక్ లమోటా 1960లో అమెరికా సెనేట్ కమిటీ ముందు తనే ఒప్పుకున్నాడు. లిస్టన్‌ని అడుగుదామంటే ఇప్పుడు లేడు. ఆనాటి రిఫరీ, టైమ్‌కీపర్ల నివేదికలు మీ బీరువాల్లో మిగిలుంటే జనానికి చూపించండి.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక బాక్సింగ్ అభిమాని