నర్సరీ వేళలు మారాయి, మొక్కలూ మారాయి: మా కస్టమర్లకు

ఎన్నో ఏళ్లుగా మా నర్సరీకి వస్తున్నవారికీ, ఫోనులో చెప్పి మొక్కలు తెప్పించుకుంటున్నవారికీ నమస్కారం. ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు: పగలు వస్తే మీరు కనబడటం లేదేమని, గులాబీలు ఎందుకు మానేశారని, మామిడి అంట్లు ఇంకా రాలేదేమని. అన్నిటికీ కారణం ఒక్కటే. దాచుకోవలసిన సంగతేమీ కాదు కాబట్టి విడమరిచి రాస్తున్నాను.

నాకు లూపస్ ఉంది. బయటి క్రిములతో పోరాడవలసిన రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు ఇది. కీళ్లు, చర్మం, మూత్రపిండాలు, ఏవైనా దెబ్బతినవచ్చు. ఈ జబ్బు ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే. పూర్తిగా నయం కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాలి. అంటువ్యాధి మాత్రం కాదు. నా ముఖం మీది ఎర్రమచ్చ చూసి పిల్లల్ని దగ్గరకు లాక్కున్న తల్లులున్నారు. వాళ్లను తప్పుపట్టను, తెలియక భయపడ్డారు. ఇకనుంచి నిశ్చింతగా పిల్లలతోనే రండి.

ఈ జబ్బుకు ఎండ పడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చాలామందికి జబ్బు రేగుతుంది. మబ్బు పట్టిన రోజైనా ఆ కిరణాలు మబ్బును దాటుకుని వస్తూనే ఉంటాయి. కడియంలో నర్సరీ నడుపుకునే మనిషికి ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది? సంచుల్లో ఒండ్రుమట్టి నింపడం, అంట్లు కట్టడం, నీళ్లు పెట్టడం, లారీలకు ఎక్కించడం, మా పనంతా ఆరుబయటే. పగలు బయట తిరగవద్దని డాక్టరమ్మ చెప్పిన రోజున నర్సరీ ఎవరికైనా అమ్మేద్దామనే అనుకున్నాను. మా మరిది ఒప్పుకోలేదు. "పగలు నేను చూసుకుంటాను వదినా, తెల్లవారుజామూ సాయంత్రమూ మీరు చూసుకోండి" అన్నాడు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ మొక్కల మధ్యే ఉన్నాను. కాని నాకవి సరుకు. మొగ్గ ఎన్ని, ఎత్తు ఎంత, సంచి చిరిగిందా, లారీ ఎప్పుడు వస్తుంది, ఇవే నా ధ్యాస. చీకటి పడితే లెక్కలు రాసుకోవడానికి ఇంట్లోకి వెళ్లిపోయేదాన్ని. పువ్వు విచ్చుకోవడాన్ని మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూసింది జబ్బు పడ్డాకే.

మొదట చూసింది చంద్రకాంత. మేమెప్పుడూ అమ్మిన మొక్క కాదు, గట్టు మీద దానంతటది మొలిచింది. ఒకే మొక్కకు గులాబీరంగు పువ్వూ, పసుపు పువ్వూ, రెండు రంగుల చారల పువ్వూ పూస్తాయి. పగలంతా మొగ్గ మూసిన గొడుగులా ముడుచుకుని ఉంటుంది. పొద్దు వాలుతుండగా ముందు అంచు దగ్గర మడత వదులవుతుంది, తరువాత ఒక్కొక్క మడతా విప్పుకుంటూ, సన్నటి కేసరాలు బయటకు చాచుకుంటుంది. మబ్బు రోజైతే ఇంకా ముందే మొదలుపెడుతుంది.

బాగా చీకటి పడ్డాక దాని దగ్గరకు బూడిదరంగు రెక్కల పురుగొకటి వచ్చింది. సీతాకోకచిలుకల జాతిదే, రాత్రిపూట తిరుగుతుంది. పువ్వు మీద వాలలేదు. గాలిలోనే నిలబడి, రెక్కలు కనబడనంత వేగంగా ఆడిస్తూ, చుట్టచుట్టుకున్న తొండాన్ని విప్పి పువ్వు గొట్టంలోకి దించింది. ఆ తొండం దాని ఒంటి పొడవుకు ఏమాత్రం తీసిపోదు. రాత్రి పూసే పువ్వుల్లో చాలా వాటికి తెలుపు రంగూ గాఢమైన వాసనా ఎందుకుంటాయో తరువాత చదివి తెలుసుకున్నాను. చీకట్లో ముదురు రంగులకంటే తెలుపు ఆ పురుగులకు బాగా ఆనుతుంది, వాసన దూరంనుంచే దారి చూపిస్తుంది. మల్లె, సన్నజాజి, పారిజాతం, ఆకాశమల్లె, అన్నీ ఆ కోవలోవే.

తెల్లవారుజామున పారిజాతం కింద దుప్పటి పరిచి కూర్చుంటాను. తెల్లటి రేకులు, పగడపు రంగు కాడ. రాత్రి విచ్చుకున్న పువ్వు పొద్దు పొడవక ముందే రాలుతుంది. పక్కన పొగడ చెట్టూ అంతే. దాని పువ్వులు ఎండిపోయాక కూడా వాసన పోదు. మా అత్తగారు వాటిని చీరల మధ్య పెట్టుకునేవారు. కాలువ గట్టున కరెంటు తీగ మీద లకుముకిపిట్ట కాపు కాస్తుంటుంది. 1852లో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ మా ప్రాంతాన్ని బతికిస్తున్నవి ఈ కాలువలే. వేసవిలో వీటిని కట్టేస్తే బోరు నీళ్లతో నెట్టుకొస్తాం. వానాకాలంలో ఎర్రనీరు వచ్చినప్పుడు మాత్రం పిట్టకు చేప కనబడదు కాబోలు, చెరువుల వైపు వెళ్లిపోతుంది.

ఇదంతా చూస్తే జబ్బు తగ్గుతుందా అని అడిగేవాళ్లున్నారు. తగ్గదు. జబ్బు రేగిన రోజుల్లో పొద్దున్నే పిడికిలి ముడవలేను, నీళ్ల చెంబు పట్టుకోలేను. ఆ రోజుల్లో కొబ్బరిచెట్ల కింద మంచం వేయించుకుని పడుకుంటాను. నొప్పి నొప్పిగానే ఉంటుంది, కాని ఆ పూట నాకు గుర్తుండేది నొప్పి ఒక్కటే కాదు. నాకు అంతవరకు చాలు. జబ్బును అదుపులో ఉంచుతున్నవి హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలూ, మిగతా మందులూ. ఆ మాత్ర కంటి పొరకు హాని చేసే అవకాశం ఉంది కాబట్టి ఏటా కళ్లు చూపించుకుంటాను, మూత్రంలో ప్రోటీను పోతోందేమో పరీక్ష చేయించుకుంటూ ఉంటాను. ప్రేమతో ఆకు పసర్లు తెచ్చిస్తున్న వారికి దండం. మొక్కలు అమ్ముకుని బతికేదాన్నే చెబుతున్నాను, ఏ పసరూ ఆ మాత్రలకు బదులు కాదు. మీ ఇళ్లలో ఇలాంటి జబ్బుతో ఎవరైనా ఉంటే, డాక్టరును అడగకుండా మందు మాన్పించకండి.

ఇక వ్యాపారం సంగతి. గులాబీ, కాగితప్పూలు, లాన్ గడ్డి మానేశాం. వాటికి నిండా ఎండ కావాలి, ఎండలో మనిషి కావాలి. అడ్వాన్సు ఇచ్చినవారు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా పక్క నర్సరీనుంచి అదే ధరకు ఇప్పిస్తాం. మామిడి అంట్లు ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు అక్కలు కడుతున్నారు. కొమ్మ కోత కొద్దిగా వంకర పోయినా బెరడు బెరడుకు కలవదు, అంటు ఎండిపోతుంది. అందుకే వాళ్లను తొందరపెట్టడం లేదు. కొత్త ఆకు ముదిరాకే పంపిస్తాం.

గులాబీలుండే చోట సాయంత్రం, రాత్రి పూసే మొక్కలు పెంచుతున్నాం: పారిజాతం, పొగడ, సన్నజాజి, మల్లె. ఆకాశమల్లె పెద్ద చెట్టవుతుంది, పెరడు విశాలంగా ఉన్నవారే తీసుకోండి. బ్రహ్మకమలం పేరుతో మన ఇళ్లలో పెంచేది కాక్టస్ జాతి మొక్క, హిమాలయాల్లోది కాదు, ఆ సంగతి చెప్పే అమ్ముతాం. రాత్రిరాణి కొనేవారు పడకగది కిటికీ పక్కన పెట్టకండి, ఆ ఘాటు వాసన అందరికీ పడదు. దాని కాయలు విషం, చిన్నపిల్లలున్న ఇంటికి వద్దు.

పొద్దున ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం ఐదున్నర తరువాత నేనుంటాను. మధ్యలో వస్తే మా మరిది ఉంటాడు, ధరలు ఇద్దరి దగ్గరా ఒకటే. చంద్రకాంత విత్తనాలకు డబ్బు తీసుకోం. ఏ రంగు పూస్తుందో మాత్రం అడగకండి, పూశాక గాని మాకూ తెలియదు.