పశువైద్యశాలల్లో బల్లలను, ఇనుప చట్రాలను కూడా పరీక్షించాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు. మందులకు లొంగని సూక్ష్మక్రిముల గురించి మన గోదావరి డెల్టాలో మాట వచ్చిందంటే అది రొయ్యల చెరువుల దగ్గర మొదలై, యాంటీబయోటిక్ అవశేషాలు ఉన్నాయని విదేశాల నుంచి వెనక్కి వచ్చిన సరుకు దగ్గర ఆగిపోతుంది. ఆ చర్చ అవసరమే. ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019లో ఉత్తర్వు ఇచ్చింది. అది మంచి పని. అయితే రైతు ఏ మందు వాడాడని ఇంతగా ఆరా తీసే మనం, రోజూ ఆ మందులతోనే పని జరిగే పశువైద్యశాలలో బల్ల, పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం, ధర్మామీటరు, తలుపు గడియ ఏ స్థితిలో ఉన్నాయో ఒక్కసారైనా చూశామా అన్నది నా ప్రశ్న.

నేను కోనసీమలో ఐదు గేదెలతో పాడి నడుపుకుంటున్నాను. గత వర్షాకాలంలో మా పడ్డ తొడలో మరో గేదె కొమ్ము దిగితే, కుట్లు వేయించడానికి ఒక పశువైద్యశాలకు తోలుకెళ్లాను. మా కంటే ముందు వచ్చిన గేదెకు ఈనిన తరువాత మాయ పడకపోతే, ఆ చట్రంలోనే నిలబెట్టి చేత్తో తీశారు. ఆ రసి, నెత్తురు కమ్మీల మీద ఇంకా ఆరకముందే మా పడ్డను అందులోకి ఎక్కించారు. ధర్మామీటరును దూదితో తుడిచి వాడారు. నేల మీద మాత్రం ఫినాయిలు ఘాటుగా వాసన వేస్తూనే ఉంది. డాక్టరు గారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆయనకు ఉన్నది ఒక్క సహాయకుడు, నీళ్లేమో బయటి కుళాయి నుంచి బకెట్టుతో మోసుకురావాలి.

పుండు పది రోజులకూ మానలేదు. రెండు మందులు మార్చాక చీమును పరీక్షకు పంపితే, అందులో పెరిగిన స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మక్రిమి మామూలుగా వాడే సూదిమందుల్లో చాలావాటికి లొంగదని తేలింది. ఆ క్రిమి ఆ చట్రం మీద నుంచే వచ్చిందని నేను అనలేను. అది మా గొడ్లపాకలోనే ఉండి ఉండవచ్చు, నా చేతుల మీదే ఉండి ఉండవచ్చు. ఎక్కడిదో తేల్చే దారి లేకపోవడమే నన్ను ఈ ఉత్తరం రాయించింది, ఎందుకంటే చీమును పరీక్షించారు గాని ఆ కమ్మీని ఎవరూ పరీక్షించలేదు.

స్టెఫైలోకాకస్, ఎంటెరోకాకస్ వంటి క్రిములు పొడి బల్ల మీద కూడా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి బతకగలవు. గీతలు పడిన రేకు, తుప్పు పట్టిన కమ్మీ, చిరిగిన రబ్బరు పరుపు వాటికి మంచి దాపు. పైగా, మందుకు లొంగని గుణాన్ని ఒక జాతి క్రిమి పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా అందించగలదు. పశువుకూ మనిషికీ మధ్య వీటికి గోడ ఏమీ లేదు. 2005లో అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగిన పశువైద్యుల సదస్సుకు వచ్చినవారిలో 417 మందిని పరీక్షిస్తే 27 మందిలో మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ కనిపించింది. వారు రోగులు కారు. ఒంటి మీద ఆ క్రిమిని మోస్తూ పని చేసుకుంటున్నవారు. మన దగ్గర ఆ స్థానంలో డాక్టరు, సహాయకుడు ఉంటారు, వారితోపాటు చట్రాన్ని పట్టుకుని నిలబడి, అదే చేత్తో ఇంటికి వచ్చి పాలు పితికే నాలాంటివాడు కూడా ఉంటాడు. (పాలు కాచుకుంటే అందులోని ఈ క్రిములు చచ్చిపోతాయి కాబట్టి పాఠకులు పాల గురించి కంగారు పడనక్కరలేదు. భయమంతా చేతులతోనే.)

కడగడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాటు అక్కడే జరుగుతోంది. పేడ, నెత్తురు ఉన్నచోట బ్లీచింగ్ ద్రావణం పోస్తే దాని బలమంతా ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. ముందు మురికి ఎత్తి, సబ్బు నీటితో రుద్ది, మంచి నీళ్లతో కడిగి, ఆ తరువాతే క్రిమి సంహారిణి వేయాలి; వేశాక పది నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. వేసిన వెంటనే తుడిచేస్తే వేసినా వేయనట్టే. తాజా బ్లీచింగ్ పౌడరులో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది కనుక లీటరు నీటికి 15 గ్రాములు కలిపితే అర శాతం ద్రావణం వస్తుంది. కానీ మన తేమకు మూతి విప్పిన సంచి నెలల తరబడి మూల పడి ఉంటే అందులో మిగిలేది సున్నం వాసనే. బ్లీచింగ్ ఇనుమును తినేస్తుంది కాబట్టి పది నిమిషాల తరువాత చట్రాన్ని మళ్లీ నీళ్లతో కడగాలి. కుక్కలను, పిల్లులను చూసే పట్టణ క్లినిక్కులు మరో సంగతి గుర్తుంచుకోవాలి: ఫినాల్ కలిసిన ఫినాయిళ్లు పిల్లులకు విషం.

వీటన్నిటికీ కావలసింది నీళ్లు. డెల్టాలో ఉండి నీటి కోసం అర్జీ పెట్టుకోవడం వింతగానే ఉంటుంది, అయినా వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊళ్లలో చెరువుల సంగతి తెలిసినవారికి వింతగా తోచదు. ప్రతి పశువైద్యశాలలో చట్రం దగ్గరికే పైపు రావాలి, చేతులు కడుక్కోవడానికి వేరే కుళాయి ఉండాలి, తుప్పు పట్టిన కమ్మీలను మార్చాలి, ఒక పశువుకూ మరో పశువుకూ మధ్య కడగడానికి ఒక మనిషిని ఇవ్వాలి. రెండోది, మూడు నెలలకొకసారి బల్ల, చట్రం, ధర్మామీటరు, తలుపు గడియల మీద దూదిపుల్లతో నమూనాలు తీసి పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపాలి. సిబ్బంది చాలరంటే, గన్నవరం పశువైద్య కళాశాల విద్యార్థులకు ఆ పని అప్పగించవచ్చు. వారికి చదువులో భాగమవుతుంది, మాకు సమాధానం దొరుకుతుంది. ఫలితాన్ని ఆసుపత్రి గోడ మీద అంటించాలి. సిబ్బందిని శిక్షించడానికి మాత్రం దాన్ని వాడకూడదు. అలా వాడితే నమూనా తీసే రోజున ఒక్కపూట కడిగి ఊరుకుంటారు.

రైతుల వైపు నుంచి కూడా చేయగలిగింది ఉంది. మా ఊరి పాడి రైతులం కొందరం కూర్చుని మాట్లాడుకున్నాం: ఆసుపత్రిలో ఉన్న పలుపు వాడకుండా ఎవరి పలుపు వారే తీసుకువెళ్తాం, మా పశువు వేసిన పేడ మేమే ఎత్తుతాం, ఇంటికి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పాలు పితుకుతాం. పైపు మాత్రం మేము వేయించలేం. పశుసంవర్ధక శాఖ అధికారులు ఈ కార్తె దాటకముందే ఒకసారి వచ్చి చూడవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాడి రైతు,
అమలాపురం దగ్గరి గ్రామం, కోనసీమ జిల్లా