పొట్ట డయాలసిస్ రోగుల ఇన్ఫెక్షన్లపై కర్ణాటక ఆరోగ్య శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

బెంగళూరులో ఇంటి దగ్గరే పొట్ట డయాలసిస్ చేసుకునే తెలుగువాళ్లకు శిక్షణ ఇచ్చే నర్సులం. వాళ్ల తరఫున ఇది రాస్తున్నాం.

పొట్ట డయాలసిస్ అంటే కిడ్నీలు పనిచేయనప్పుడు పొట్టలో అమర్చిన గొట్టం ద్వారా సంచిలోని ద్రవాన్ని లోపలికి వదిలి, కొన్ని గంటల తర్వాత మలినాలతో సహా బయటికి తీయడం. రోజుకు 4 సంచులంటే నెలకు 120 సార్లు గొట్టం మూత తెరుచుకుంటుంది. కొసకు ఒక్కసారి వేలు తగిలినా చర్మం మీది క్రిమి లోపలికి పోతుంది. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, మాస్కు కట్టి, కడిగిన చేతులు పూర్తిగా ఆరాకే గొట్టం కలపాలి. పొట్టలోకి వదిలే ముందు కొత్త ద్రవం కొంచెం ఖాళీ సంచిలోకి పారించాలి. తొందరలో ఎక్కువమంది వదిలేసేది ఇదే.

ఇక్కడి చలికి సంచిని వేడినీళ్ల బకెట్లో ముంచేవాళ్లున్నారు. అది ప్రమాదం. ఆ తడితో క్రిములు కనెక్షన్ దాకా చేరతాయి. పొడి వేడే వాడాలి.

బయటికొచ్చే ద్రవం మబ్బుగా ఉంటే, నొప్పి లేకపోయినా, పొట్ట లోపలి పొర ఇన్ఫెక్షన్ అయిన పెరిటొనైటిస్‌గానే చూడాలి. మైక్రోలీటరుకు 100కు మించి తెల్లకణాలు, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) ఉంటే అనుమానం బలపడినట్టే. యాంటీబయాటిక్ ఇవ్వకముందే 5 నుంచి 10 మిల్లీలీటర్ల ద్రవాన్ని, క్రిమిని పెంచి గుర్తించడానికి వాడే బ్లడ్ కల్చర్ సీసాలో వేయాలి. అయితే కల్చర్ ఫలితం కోసం మందు ఆపకూడదు. ఆ మందును సంచిలోని ద్రవంలోనే కలిపి కనీసం 6 గంటలు పొట్టలో ఉంచాలి. ఫంగస్ అని తేలితే గొట్టం తీసేయక తప్పదు.

అందుకే అడుగుతున్నాం: క్యాజువాలిటీల్లో రాత్రిపూట కూడా ఆ కల్చర్ సీసాలు, సెఫాజొలిన్, సెఫ్టాజిడైమ్ అనే యాంటీబయాటిక్‌లు ఉండాలి. సంచులతోపాటే గొట్టం చుట్టూ రాసే ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ పూతమందు ఇవ్వాలి. శిక్షణ పత్రాలు కన్నడతోపాటు తెలుగులోనూ, బొమ్మలతో అచ్చువేయించండి.